పన్నెండేళ్ళు చదివిన ఇంగ్లీషు నాలుక మీదికి ఎందుకు రాదు?

హైదరాబాదు ఎస్సార్ నగర్‌లో ఆడపిల్లల హాస్టళ్ళు వరసగా ఉన్న ఒక వీధి చివర సాయంత్రం పూట కూరగాయల బండి నిలుస్తుంది. మా మేనకోడలిని చూడటానికి వెళ్ళినప్పుడు, ఆమె గదిలోనే ఉండే నాగర్‌కర్నూల్ జిల్లా అమ్మాయి ఆ బండి దగ్గర బేరమాడుతూ కనిపించింది. “భయ్యా, ఆధా కిలో టమాటే దేదో, కల్‌కే జైసే నక్కో” అంటోంది. నిన్న ఇచ్చినవి మెత్తబడ్డాయనీ, ఇవాళ గట్టివి ఏరి వేయమనీ ఆమె పట్టు. ఆ అమ్మాయి నగరానికి వచ్చి అప్పటికి ఎనిమిది నెలలే. బడిలో హిందీ పాఠాలు చదివిన మాట నిజమే గానీ, ‘వద్దు’ అనే అర్థంలో వాడే ‘నక్కో’ అనే మాట ఏ పాఠంలోనూ ఉండదు. బస్సులో, బండి దగ్గర, హాస్టలు వంటగదిలో విని పట్టుకున్న మాట అది.

మరునాడు ఉదయం అమీర్‌పేటలో మైత్రీవనం వెనక వీధిలోని ఒక శిక్షణ కేంద్రంలో స్పోకెన్ ఇంగ్లీషు డెమో క్లాసు ఉందంటే, పిల్లలతో పాటు నేనూ వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాను. శిక్షకుడు ఒక్కొక్కరినే లేపుతున్నారు. ఈ అమ్మాయి వంతు వచ్చినప్పుడు, “మైసెల్ఫ్” అని మొదలుపెట్టి ఊరు, చదువు, అభిరుచులు, లక్ష్యం అన్నీ తడుముకోకుండా అప్పజెప్పింది. ఆయన విని, నిన్న సాయంత్రం ఏం చేశారని ఇంగ్లీషులోనే అడిగారు. అమ్మాయి ఆగిపోయింది. “యస్టర్డే... ఐ...” అంది. తరవాత “సార్” అంది. ఆమె కళ్ళు పైకి లేచి, లోపల ఎక్కడో రాసి ఉన్నదాన్ని చదవబోతున్నట్టు గోడ మీద ఆగాయి. ‘కొను’ అనే క్రియకు ఇంగ్లీషులో భూతకాల రూపం రాయమని కాగితం ఇస్తే ఆమె తప్పు లేకుండా రాస్తుంది. టమాటాలు కొన్నానని చెప్పడానికి కావలసిన ప్రతి మాటా ఆమెకు తెలుసు. అయినా ఆ వాక్యం బయటికి రాలేదు.

పన్నెండేళ్ళకు పైగా పాఠ్యాంశంగా చదివిన భాష నోటికి రాకపోవడం, ఎనిమిది నెలలు చెవిన పడిన భాష బేరమాడేంతగా రావడం ఒకే మనిషిలో కనిపించినప్పుడు, తెలివితక్కువతనం, శ్రద్ధ లేకపోవడం, వ్యాకరణం రాకపోవడం వంటి జవాబులేవీ నిలవవు. మనకు ఇంగ్లీషు కంటి గుండా వచ్చింది. చెవి గుండా, నోటి గుండా రాలేదు. మిగిలిన చిక్కుల్లో చాలా భాగం ఇక్కడి నుంచే పుట్టాయని నా అభిప్రాయం.

ఇంగ్లీషును పరాయి భాష అనాలా, రెండో భాష అనాలా అన్న చర్చ భాషాశాస్త్రంలో పాతదే. భాషాశాస్త్రవేత్త బ్రజ్ కచ్రు 1985లో ప్రపంచ ఇంగ్లీషును మూడు వలయాలుగా చూపించినప్పుడు, మాతృభాషగా మాట్లాడే దేశాలను లోపలి వలయంలోనూ, వలస పాలన కారణంగా కోర్టుల్లో, కార్యాలయాల్లో, చదువుల్లో ఇంగ్లీషు స్థిరపడిన భారతదేశం వంటి దేశాలను బయటి వలయంలోనూ, కేవలం పరాయి భాషగా నేర్చుకునే దేశాలను మూడోదైన విస్తరించే వలయంలోనూ ఉంచారు. దేశం మొత్తాన్ని ఒక గడిలో పెడితే ఆ లెక్క సరిపోతుంది. కానీ హైదరాబాదు ఒక్కదానిలోనే మూడు వలయాలూ ఉన్నాయి. బంజారాహిల్స్‌లో ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడుకునే కుటుంబపు పిల్లవాడికి అది దాదాపు సొంత భాష, మాదాపూర్ కంపెనీలో పనిచేసే ఉద్యోగికి రెండో భాష. నిన్నటి దాకా ఊరి బడిలో తెలుగు మాధ్యమంలో చదివిన అమ్మాయికి మాత్రం, బోర్డుల మీద, మందు చీటీల మీద, ఫోను తెర మీద రోజంతా కనిపిస్తూ ఎక్కడా వినిపించని పరాయి భాష. కనిపించడం ఎక్కువై వినిపించడం తక్కువైన ఈ స్థితికి సరైన పేరు ఇప్పటికీ లేదు.

ఈ సమస్య మీద దేశంలో జరిగిన పెద్ద ప్రయత్నాల్లో ఒకటి మొదలైనది కూడా ఈ నగరంలోనే. ఇంగ్లీషు బోధించే ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి 1958లో ఇక్కడ కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఏర్పడింది. 1972లో విదేశీ భాషలను కూడా కలుపుకుని పేరు మార్చుకుని, ఆ తరవాత ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. తార్నాకలోని ఆ ప్రాంగణానికి పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. అది 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలై, హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిశాక ఇంగ్లీషుకు మారింది. చదువు ఏ భాషలో అన్న ప్రశ్నను ఇంత దగ్గరగా అనుభవించిన నగరాలు తక్కువ.

వాక్యం తలకిందులైనప్పుడు

హిందీ త్వరగా వచ్చి ఇంగ్లీషు రాకపోవడానికి ఒక కారణం న్యాయంగా ఒప్పుకోవాలి. తెలుగుకు హిందీ, ఉర్దూ నిర్మాణంలో చాలా దగ్గర. వాటిలోనూ కర్త మొదట, కర్మ తరవాత, క్రియ చివర వస్తాయి. వాటిలోనూ విభక్తులు నామవాచకం తరవాతే వస్తాయి. హైదరాబాదీ దక్కనీ ఉర్దూ అయితే మరీ దగ్గర. “వస్తానని చెప్పాడు” అనడానికి మనం వాడే ‘అని’కి సరిగ్గా సరిపోయే ‘బోల్కే’ అనే మాట దక్కనీలో ఉంది. తెలుగు, కన్నడ మాట్లాడేవారి మధ్య శతాబ్దాలు బతికిన భాష కనుక ఆ పోలిక వచ్చింది. పదాలు మార్చుకుంటే చాలు, వాక్యం చట్రం అలాగే ఉంటుంది.

ఇంగ్లీషు విషయం వేరు. ఈ దూరాన్ని అవతలి ఒడ్డు నుంచి కొలిచినవారున్నారు. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పడానికి పట్టే కాలాన్ని బట్టి వాటిని వర్గీకరించింది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి స్పానిష్ నేర్పడానికి 24 నుంచి 30 వారాలు చాలునని, తెలుగుకు దాదాపు 44 వారాలు, అంటే వెయ్యికి పైగా తరగతి గంటలు పడుతుందని దాని అంచనా. అది కూడా వేరే పని పెట్టుకోకుండా, చిన్న బృందాల్లో, అనుభవం ఉన్న బోధకుల దగ్గర. వాళ్ళకు మన భాష ఎంత దూరమో, మనకు వాళ్ళ భాష అంతే దూరం.

మన బడి లెక్క దీని పక్కన పెట్టి చూడండి. నలభై మంది పిల్లలున్న తరగతిలో నలభై నిమిషాల పీరియడు అనుకుందాం. ఉపాధ్యాయుడు ఒక్క మాటా మాట్లాడకుండా సమయమంతా పిల్లలకే పంచినా తలకు ఒక నిమిషం వస్తుంది. ఏడాదికి 220 పనిదినాలు వేసుకుంటే నాలుగు గంటలు కూడా నిండవు. పన్నెండేళ్ళకు కలిపి 44 గంటలు. ఉపాధ్యాయుడు పాఠం చెబుతారు కనుక, ఆ 44లో నిజంగా పిల్లవాడి నోటికి దక్కేది ఎంతో ఎవరి బడిని వాళ్ళు తలుచుకుంటే తెలుస్తుంది.

ఇక ఆ దూరం ఎక్కడ ఉందో చూడాలి. తెలుగు వాక్యంలో అసలు సంగతి చివరిదాకా తేలదు. “నేను రేపు పొద్దున మీ ఇంటికి” అని అంతవరకు చెప్పి, ఆగి, ఎదుటివారి మొహం చూసి, వస్తాను అనవచ్చు, రాలేను అనవచ్చు, వద్దామనుకుంటున్నాను అనవచ్చు. కాదనడం, సందేహించడం, అడగడం అన్నీ క్రియ తోకలోనే ఉంటాయి. ‘వచ్చాడు’ను ప్రశ్న చేయడానికి చివర ఒక దీర్ఘం చాలు: ‘వచ్చాడా’. ఇంగ్లీషులో ఈ నిర్ణయాలన్నీ వాక్యం ఆరంభంలోనే చేసేయాలి. ఇది ప్రశ్నా కాదా, గతమా వర్తమానమా, ఔనా కాదా అన్నది తేలితే గాని మొదటి రెండు మాటలు నోటికి రావు. తెలుగులో ఆలోచన సాగే క్రమంలో మాట సాగుతుంది కనుక, ఇంగ్లీషు మొదలుపెట్టే ముందే మనకు వాక్యం చివరిదాకా వెళ్ళి తిరిగి రావలసి వస్తుంది. ఆ అమ్మాయి “యస్టర్డే, ఐ” దగ్గర ఆగిపోయింది అందుకే. తెలుగులో ఆ తరవాత టమాటాలు, బండి, అర కిలో అన్నీ వచ్చాక కొనడం వస్తుంది. ఇంగ్లీషులో కొనడం ముందు రావాలి. మన నగరపు కుర్రాళ్ళు ఒకరినొకరు “యు ఆర్ కమింగ్ ఆ?” అని అడుగుతారు. ఆ చివరి ‘ఆ’ మన వ్యాకరణమే, ఇంగ్లీషు వాక్యం తోకకు వచ్చి చేరింది.

వర్ణించే మాటలూ ఇంతే. “నిన్న మనం మెట్రో స్టేషనులో చూసిన అమ్మాయి” అనే మాటలో ఆ వివరమంతా అమ్మాయికి ముందు వస్తుంది. ఇంగ్లీషులో అమ్మాయి ముందు, వివరం వెనక. ‘నాకు ఇద్దరు పిల్లలు ఉన్నారు’, ‘నాకు ఆకలిగా ఉంది’, ‘నాకు తెలుసు’ అని మనం ‘నాకు’తో మొదలుపెట్టే అనుభవాలన్నిటికీ ఇంగ్లీషు ‘నేను’ను కర్తగా నిలబెట్టమంటుంది. అట, కదా, లే, మరి వంటి చిన్న మాటలతో మనం మోసే బరువును మోయడానికి అక్కడ వేరే ఏర్పాట్లు కావాలి. ‘ఈరోజే వచ్చాడు’లోని ‘ఏ’ను వదులుకోలేకనే మనవాళ్ళు ఇంగ్లీషులో “టుడే ఓన్లీ” అంటారు. “మీరు మీ నాన్నగారికి ఎన్నో సంతానం?” అన్న చిన్న ప్రశ్నను ఇంగ్లీషులో నేరుగా అడగడానికి మాటే లేదు. ప్రతి మాటకూ అక్కడ జంట మాట ఉంటుందన్న నమ్మకం ఈ ప్రశ్న దగ్గర చెదిరిపోతుంది.

మర్యాద సంగతి ఎవరూ పట్టించుకోరు, కానీ ఉద్యోగాల్లో ఎక్కువ దెబ్బ తగిలేది అక్కడే. మన భాషలో మర్యాద క్రియలోనే ఉంటుంది. ‘ఇవ్వండి’ అన్నామంటే గౌరవం ఇచ్చేశాం. అదే వాక్యాన్ని ఇంగ్లీషులోకి తెస్తే ‘అండి’ రాలిపోయి “గివ్ మి” మిగులుతుంది. మన వైపు నుంచి అది మర్యాదగా అడిగిన మాట, వినేవారికి ఆజ్ఞ. ఇంగ్లీషులో ఆ మర్యాదను ‘కుడ్’, ‘వుడ్’ వంటి సహాయక క్రియలు, అడిగే తీరు మోస్తాయి. వ్యాకరణ పాఠంలో వాటిని భూతకాల రూపాలుగా నేర్పుతారు తప్ప, మన ‘అండి’ చేసే పని అవి చేస్తాయని చెప్పరు. వినయంగా పెరిగిన పిల్లలు కొత్త ఉద్యోగంలో దురుసుగా మాట్లాడతారన్న పేరు తెచ్చుకోవడం నాకు బాధ కలిగించే విషయం.

కంటికి కనిపించే అక్షరం, చెవికి వినిపించే మాట

తెలుగు రాసినట్టు చదువుతాం, చదివినట్టు పలుకుతాం. ఇది మన లిపి గొప్పతనం, ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి అదే అడ్డం. ఇంగ్లీషులో 26 అక్షరాలు సుమారు 44 ధ్వనులను మోయాలి. ఆ భాషలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే అచ్చుకు ప్రత్యేకంగా అక్షరమే లేదు. ‘బనానా’ అనే మాట తీసుకోండి. మనం మూడు అచ్చులనూ నిండుగా పలుకుతాం. ఇంగ్లీషువారి నోట మధ్యదొక్కటే నిండుగా ఉంటుంది, మొదటిదీ చివరిదీ పెదవి దాటీ దాటనట్టు నలిగిపోతాయి. ఆ నలిగిన అచ్చే ఆ భాష గుండెకాయ. కంటితో నేర్చుకున్నవారికి అది ఉందని తెలియదు, ఎందుకంటే కాగితం మీద అది కనిపించదు.

ఏ అచ్చు నిండుగా ఉండాలో, ఏది నలగాలో నిర్ణయించేది ఊనిక, అంటే ఒక అక్షరాన్ని నొక్కి పలకడం. ‘ఫొటోగ్రాఫ్’లో ఊనిక మొదటి అక్షరం మీద ఉంటుంది. ఆ పని చేసే మనిషిని చెప్పే ‘ఫొటోగ్రఫర్’లో రెండో అక్షరం మీదికి, విశేషణమైన ‘ఫొటోగ్రాఫిక్’లో మూడో అక్షరం మీదికి జరుగుతుంది. ‘రికార్డు’ అన్న మాట మొదటి అక్షరం మీద ఊనితే నామవాచకం, రెండో అక్షరం మీద ఊనితే క్రియ. తెలుగులో అర్థాన్ని మార్చేది హ్రస్వ దీర్ఘాల తేడా, ఊనిక కాదు. ఛందస్సులో గురువు లఘువు లెక్కపెట్టిన చెవి మనది. ఆ చెవి ప్రతి అక్షరానికీ దాని కాలాన్ని దానికి ఇస్తుంది. ఇంగ్లీషు మాత్రం ఊనిక ఉన్న అక్షరాలను ఇంచుమించు సమాన దూరంలో నిలబెట్టి, మధ్యలో ఉన్నవాటిని ఇరికించేస్తుంది. మన ఇంగ్లీషు ఎదుటివారికి దడదడా వచ్చి పడుతున్నట్టు అనిపించడానికి, వాళ్ళ ఇంగ్లీషులో సగం మాటలు మనకు మాయమైనట్టు అనిపించడానికి కారణం ఈ ఒక్క తేడాయే.

ఆ మాయం కావడాన్ని గురించి మన పిల్లలకు చెప్పవలసిన తీరు మన దగ్గరే ఉంది. “వాడు ఎక్కడ ఉన్నాడు” అని ఎవరూ విడివిడిగా అనరు. “వాడెక్కడున్నాడు” అంటారు. ఉత్వ సంధి, అత్వ సంధి పదో తరగతి దాటిన ప్రతివారికీ వచ్చు. ఇంగ్లీషులో ఒకరిని ఏం చేస్తుంటారని అడిగే నాలుగు మాటల వాక్యం పుస్తకంలో “వాట్ డు యు డు”. మనుషుల నోట అది “వడ్యడూ” అయిపోతుంది. ఇదీ సంధే. తెలుగు సంధిని పేరు పెట్టి, సూత్రం పెట్టి నేర్పే మన చదువు, ఇంగ్లీషులో సంధి ఉందన్న మాటే చెప్పదు. చెప్పి ఉంటే, అమెరికా నుంచి వచ్చిన ఫోనులో ఏమీ అర్థం కాక “సారీ?” అని మూడుసార్లు అడిగి సిగ్గుపడే ఉద్యోగి, తన చెవిలో లోపం లేదనీ, తనకు పదాలు విడిపోయి మాత్రమే పరిచయమనీ తెలుసుకుని ఉండేవాడు.

విడివిడి ధ్వనుల ఇబ్బందులు అందరికీ తెలిసినవే కనుక వాటి మీద ఎక్కువ చెప్పను. తెలుగు అజంత భాష. బస్సు, రోడ్డు, బ్యాంకు అని హల్లు చివర అచ్చు చేర్చి మనం ఆ మాటలను మనవి చేసుకున్నాం. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడూ ఆ ‘ఉ’ వెంట వస్తుంది. మాట మొదట్లో వచ్చే ‘ఎ’కు ‘య’ చేరి గుడ్డు ‘యెగ్గు’ అవుతుంది, శాసనసభ్యుడు ‘యమ్మెల్యే’ అవుతాడు. ఇంగ్లీషులో పై పళ్ళు కింది పెదవికి తగిలించి పలికే ధ్వని ఒకటి, పెదవులు సున్నా చుట్టి పలికే ధ్వని ఒకటి ఉన్నాయి. మనకు రెంటికీ కలిపి ఒక ‘వ’ ఉంది. పడమరా, లోపల తొడుక్కునే బనియనూ రెండూ మన లిపిలో ‘వెస్ట్’ అనే రాయాలి. రాయలేనిదాన్ని వినడం ఎంత కష్టమో దీన్ని బట్టి ఊహించవచ్చు.

అయితే వీటిలో ఏవి దిద్దుకోవాలి, ఏవి వదిలేయవచ్చు అన్న వివేకం అవసరం. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు తమలో తాము ఇంగ్లీషులో మాట్లాడుకునేటప్పుడు ఎక్కడ అర్థం చెడుతోందో గమనించి, భాషాశాస్త్రవేత్త జెన్నిఫర్ జెన్కిన్స్ 2000లో ఒక ముఖ్యాంశాల సంపుటిని ప్రతిపాదించారు. నాలుకను పళ్ళ మధ్య పెట్టి పలికే ధ్వనికి బదులు మన ‘ద’, ‘థ’ పలికితే అర్థం చెడదని ఆమె తేల్చారు. అచ్చుల పొడవు, వాక్యంలో ముఖ్యమైన మాట మీద ఊనిక, మాట మొదటి ప, ట, క లను గాలి ఒత్తి పలకడం మాత్రం అవసరమన్నారు. మనం ‘పిన్’ అంటే వాళ్ళకు ‘బిన్’గా వినిపించేది ఆ గాలి లేకనే. సంయుక్త హల్లులో ఒకదాన్ని మింగేయడం కంటే ఒక అచ్చు అదనంగా చేర్చడం తక్కువ నష్టమని కూడా ఆ పరిశీలన చెబుతుంది. అంటే పాతబస్తీలో వినిపించే ‘ఇస్టేషన్’ కన్నా మన పల్లెల్లో వినిపించే ‘టేషను’ వినేవారికి ఎక్కువ ఇబ్బంది. శిక్షణ కేంద్రాల్లో నెలంతా నాలుకను పళ్ళ మధ్య పెట్టించే గంటలను ఊనిక మీద, సంధి మీద ఖర్చు చేస్తే బాగుంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

సెకనులో ఐదో వంతు

పది భాషల సంభాషణలను పోల్చి 2009లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం, ఒకరు ప్రశ్న ముగించిన తరవాత ఎదుటివారు జవాబు మొదలుపెట్టడానికి పట్టే వ్యవధి సగటున 200 మిల్లీసెకన్ల ప్రాంతంలో ఉంటుంది. సెకనులో ఐదో వంతు. మరోవైపు, ఒక బొమ్మను చూసి దాని పేరు మాతృభాషలో పలకడానికే మనిషికి సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే మనం ఎదుటివారు మాట్లాడుతుండగానే మన జవాబును లోపల సిద్ధం చేసుకుంటున్నాం. వినడం, వండుకోవడం ఒకేసారి జరుగుతున్నాయి.

పరాయి భాషలో వినడానికే మనసంతా సరిపోతుంది. విన్నదాన్ని తెలుగులోకి మార్చి, తెలుగులో జవాబు తయారు చేసి, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, క్రియను చివర నుంచి ముందుకు లాగి, కాలం సరిచూసుకుని, అప్పుడు పలకాలి. అప్పటికి రెండు మూడు సెకన్లు గడిచిపోతాయి. ఆ రెండు సెకన్ల నిశ్శబ్దమే ‘ఇంగ్లీషు రాదు’ అన్న తీర్పుగా మారుతుంది. కాగితం మీద అదే మనిషికి అరగంట ఇస్తే చక్కగా రాస్తాడు. కనుక లోపం తెలిసినదానిలో లేదు, తెలిసినది నోటికి అందే వేగంలో ఉంది. వేగం చదివితే రాదు. సైకిలు ఎలా తొక్కాలో ఎంత చదివినా ఎక్కి పడితేనే వచ్చినట్టు, వాక్యాన్ని నోటితో పదేపదే చేస్తేనే వస్తుంది.

ఈ మాటకు బలమైన ఆధారం కెనడాలో దొరికింది. అక్కడ ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాల పిల్లలను చిన్నప్పటి నుంచి ఫ్రెంచి మాధ్యమంలో చదివించారు. ఏళ్ళ తరవాత చూస్తే, ఆ పిల్లలు ఫ్రెంచి వినడంలో, చదవడంలో ఫ్రెంచి పిల్లలకు దాదాపు సమానంగా ఉన్నారు గానీ, మాట్లాడటంలో, రాయడంలో వాళ్ళ వ్యాకరణం వెనకబడింది. భాషాశాస్త్రవేత్త మెరిల్ స్వేన్ 1985లో దీనికి చెప్పిన కారణం సూటిగా ఉంది. వినేటప్పుడు అర్థం ఊహించుకుంటే చాలు, మాట్లాడేటప్పుడు వాక్యం మొత్తం మనమే కట్టాలి. ఆ పిల్లలకు కట్టే అవకాశం తరగతిలో తగినంత దొరకలేదు.

తెలంగాణ ప్రభుత్వం 2022–23 విద్యా సంవత్సరం నుంచి తన బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టి, ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు ఇచ్చింది. మాధ్యమం మీద వాదోపవాదాలు వేరే వ్యాసానికి వదిలేస్తాను. ఇక్కడికి సంబంధించినంతవరకు, పిల్లల చేతికి ఇచ్చింది మళ్ళీ కంటికి సంబంధించినదే. సామాన్యశాస్త్రం ఇంగ్లీషులో చదివిన పిల్లవాడికి ‘కిరణజన్య సంయోగక్రియ’కు ఇంగ్లీషు మాట వస్తుంది. బస్సు తప్పిపోయి ఆలస్యమైందని ఇంగ్లీషులో చెప్పడం దానంతట అది రాదు. ప్రైవేటు బడిలో పదేళ్ళు ఇంగ్లీషు మాధ్యమంలో చదివి ఇంజనీరింగులో చేరిన పిల్లలు, అక్కడి భాషా ప్రయోగశాలలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఇబ్బంది పడటం ఈ నగరంలో చాలామంది అధ్యాపకులకు పరిచయమైన దృశ్యం.

ఇంతవరకు చెప్పినవన్నీ శ్రమతో దాటగలిగినవి. అన్నిటికంటే మొండిది సిగ్గు. కూరగాయల బండి దగ్గర ఆ అమ్మాయి హిందీలో లింగం తప్పు చేసి ఉండవచ్చు. తెలుగువాళ్ళం హిందీలో ‘కా’ ఎక్కడ, ‘కీ’ ఎక్కడ అన్నది తరచు తప్పుతాం. బండివాడు నవ్వడు, టమాటాలు తూస్తాడు. ఆ తప్పు ఆమె పుట్టుక గురించి, ఊరి గురించి, తండ్రి స్తోమత గురించి ఎవరికీ ఏమీ చెప్పదు. ఇంగ్లీషు తప్పు అన్నీ చెప్పేస్తుందని మన సమాజం నమ్ముతుంది. ఏ బడిలో చదివారో, ఇంట్లో ఎవరైనా చదువుకున్నారో లేదో ఒక వాక్యంలో తూచేస్తారు. తప్పు భాషలో దొర్లితే కొలిచేది మనిషిని. ఇలాంటి చోట నోరు మూసుకోవడమే తెలివైన పని అని పిల్లలు గ్రహించడం వాళ్ళ తెలివికి నిదర్శనం. మాట్లాడకపోతే వేగం రాదు, వేగం లేకపోతే నవ్వుతారు, నవ్వుతారని మాట్లాడరు. ఎక్కువగా నవ్వేది పరాయివాళ్ళు కాదు, పక్క బెంచీలోని మన పిల్లలే. ఇంట్లో అన్నలూ బావలే. ఆ నవ్వు ఆపగలిగినవాళ్ళు ఆపకపోవడం నాకు క్షమించరానిదిగా తోస్తుంది.

అమీర్‌పేట మీద కొంచెం మాట్లాడాలి. నెల రోజుల్లో అనర్గళంగా అని రాసిన బోర్డులను నమ్మి డబ్బు కట్టే పిల్లలను చూస్తే జాలి వేస్తుంది, కానీ అక్కడ జరిగేదంతా వృథా కాదు. నెల రోజులు భాషను ఇవ్వలేవు. తమలాంటి ముప్పై మంది మధ్య, అందరూ తప్పులు చేసే గదిలో నోరు విప్పే ధైర్యాన్ని మాత్రం ఇవ్వగలవు. మంచి శిక్షకుడు ఇచ్చేది అదే. చెడ్డ శిక్షకుడు కంఠస్థం చేయడానికి స్వపరిచయం ఇస్తాడు. అలా బట్టీ పట్టించినది ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకు పనికివస్తుంది, రెండో ప్రశ్నకు ఉండదు. విదేశాల్లో చదువులకు రాసే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో మాట్లాడే భాగం 11 నుంచి 14 నిమిషాలు సాగుతుంది. అక్కడ ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ నాలుగింటికీ సమాన విలువ. యాసను బట్టి మార్కులు తగ్గించరు, అర్థమవుతోందా లేదా అన్నదే చూస్తారు. బట్టీ పట్టిన జవాబును పసిగట్టడానికి పరీక్షకులకు తర్ఫీదు ఉంటుంది.

వేగం పెంచడానికి తక్కువ ఖర్చుతో అయ్యే అభ్యాసం ఒకటి ఉంది. 1983లో కీత్ మారిస్ ప్రతిపాదించగా, తరవాత పాల్ నేషన్ పరిశీలించిన పద్ధతి అది. తెలిసిన విషయం ఒకటి తీసుకుని ఒకరికి నాలుగు నిమిషాలు చెప్పాలి. అదే విషయం రెండోవారికి మూడు నిమిషాల్లో, మూడోవారికి రెండు నిమిషాల్లో చెప్పాలి. వినేవారు మారతారు కనుక చెప్పేవారికి మళ్ళీ చెప్పడంలో అర్థం ఉంటుంది. విషయం మారదు కనుక మనసు ఏం చెప్పాలన్న వెతుకులాట మానేసి ఎలా చెప్పాలన్నదానికి ఖాళీ అవుతుంది. మూడోసారికి తడబాట్లు తగ్గి వేగం పెరగడం స్పష్టంగా కనిపిస్తుంది. దీనికి హాస్టలు గది చాలు, నలుగురు స్నేహితులు చాలు. నలుగురూ నవ్వకూడదన్న ఒక్క నియమం ముందే పెట్టుకోవాలి.

మా మేనకోడలి గదిలో ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక ఇది నడుస్తోంది. కిందటి ఆదివారం నేను వెళ్ళేసరికి ఆ నాగర్‌కర్నూల్ అమ్మాయి మంచం అంచున కూర్చుని జొన్నరొట్టె ఎలా చేస్తారో ఇంగ్లీషులో చెబుతోంది. మొదటిసారి వేడినీళ్ళ దగ్గర ఆగింది, పిండి చేత్తో తట్టడానికి మాట దొరక్క చేతులతో తట్టి చూపించింది. రెండోసారి “విత్ మై హ్యాండ్స్, లైక్ దిస్” అని దాటేసింది. మూడోసారి ఫోనులో రెండు నిమిషాల గంట మోగేటప్పటికి రొట్టె పెనం మీద కాలి, తిరగేసి, ఉల్లిపాయ కారంతో సహా కంచంలోకి వచ్చేసింది. వాళ్ళ అమ్మ చేసేది ఇంకా పలచగా ఉంటుందని చెప్పబోతే టైము అయిపోయిందని మిగతావాళ్ళు ఆపారు. “వన్ మినిట్, వన్ మినిట్” అని ఆమె ఆగకుండా చెబుతూనే ఉంది.